వంతెన కంపెనీ కడితే బిల్లు ఎవరు కడతారు?

పోయిన సంచికలో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం గురించి, అంటే అందరూ పీపీపీ అంటున్న పద్ధతి గురించి, చిన్న పరిచయం వేసి సందేహాలుంటే రాయమన్నాం. చాలా ఉత్తరాలే వచ్చాయి. కొన్నింటిలో కోపం ఉంది, కొన్నింటిలో నిజంగా తెలుసుకోవాలన్న ఆరాటం ఉంది, ఒకరిద్దరైతే తమ టేబుల్ మీదికి వచ్చిన ఫైలు గురించే అడిగారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, ఎక్కువ మందికి పనికొస్తాయనుకున్నవాటికి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవు కాబట్టి ప్రైవేటు కంపెనీలు వచ్చి రోడ్లు, వంతెనలు కట్టిపెడుతున్నాయి అంటున్నారు. అంటే జనం మీద భారం లేనట్టే కదా? మరి దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ల బాధ ఏమిటి?
— ఒక స్కూలు టీచర్

జవాబు: భారం లేకుండా ఎలా ఉంటుందండీ. కంపెనీ డబ్బు పెట్టేదే తిరిగి రాబట్టుకోవడానికి. రాబట్టుకునే దారులు రెండే ఉన్నాయి: ఆ రోడ్డు వాడేవాళ్లు టోల్ కట్టాలి, లేదంటే ప్రభుత్వం పన్నుల సొమ్ములోంచి ఏటా కంపెనీకి కట్టాలి. కొన్ని ప్రాజెక్టుల్లో రెండూ జరుగుతాయి. మూడో జేబు ఎక్కడా లేదు. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకున్నవాళ్లెవరూ బ్యాంకు మనకు ఇల్లు ఉచితంగా ఇచ్చింది అనుకోరు కదా, ఇదీ అంతే.

పైగా ప్రభుత్వానికి దొరికే వడ్డీకంటే కంపెనీకి దొరికే వడ్డీ దాదాపు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, దాని మీద వాటాదారులకు లాభం కూడా రావాలి. అంత ఖరీదైన డబ్బుతో ఎందుకు కట్టించాలి అంటే, ఒక మంచి కారణం ఉంది, ఒక చెడ్డ కారణం ఉంది. మంచి కారణం ఏమిటంటే, కట్టినవాడే పాతిక ముప్పై ఏళ్లు దాన్ని నడపాలి, గుంతలు పడితే తన ఖర్చుతోనే పూడ్చాలి అంటే, మొదట్లోనే గట్టిగా, టైముకు కడతాడు. మామూలు కాంట్రాక్టులో బిల్లు తీసుకుని వెళ్లిపోయేవాడికి ఆ అవసరం ఉండదు. చెడ్డ కారణం, ఈ అప్పు ప్రభుత్వ రుణం పద్దులో కనపడకపోవడం. ఈ రోజు రిబ్బన్ కత్తిరించే నాయకుడు ఒకరు, ఇరవై ఏళ్లపాటు వాయిదాలు కట్టేవాళ్లు వేరొకరు. నా అనుమానం, చాలా ఒప్పందాలకు అసలు ప్రేరణ ఈ రెండోదే.

బ్రిటన్‌ను చూడండి. 1992లో అక్కడ పీఎఫ్ఐ (ప్రైవేట్ ఫైనాన్స్ ఇనీషియేటివ్) పేరుతో ఇది మొదలైంది. కన్జర్వేటివ్‌లు మొదలుపెడితే 1997 తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం బాగా పెంచింది, ఆస్పత్రులు, బడులు, జైళ్లు, వీధి దీపాలు అన్నీ దీని కిందికే వెళ్లాయి. 2018 జనవరిలో అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్క తీస్తే, నడుస్తున్న ఒప్పందాలు 700 పైచిలుకు ఉన్నాయని, వాటికి 2040ల దాకా ఇంకా కట్టాల్సింది దాదాపు 19,900 కోట్ల పౌండ్లని తేలింది. అదే ఏడాది అక్టోబరులో ఆర్థిక మంత్రి ఫిలిప్ హామండ్ ఇక కొత్త పీఎఫ్ఐ ఒప్పందాలు ఉండవని బడ్జెట్ ప్రసంగంలో చెప్పేశారు. పాతవాటి వాయిదాలు మాత్రం ఆగలేదు, ఆగవు కూడా.

ప్రశ్న: మామూలు కాంట్రాక్టు, పీపీపీ, ప్రైవేటీకరణ, ఈ మూడింటికీ తేడా ఏమిటి? బీఓటీ, యాన్యుటీ, హ్యామ్ అనే మాటలు కూడా గందరగోళంగా ఉన్నాయి.
— ఒక సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: కాంట్రాక్టులో ప్రభుత్వం డబ్బిస్తుంది, కంపెనీ కట్టి వెళ్లిపోతుంది. ప్రైవేటీకరణలో ఆస్తినే అమ్మేస్తారు. పీపీపీ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది, ఆస్తి చివరికి ప్రభుత్వానిదే, కానీ కట్టడం, డబ్బు సమకూర్చడం, కొన్నేళ్లు నడపడం కంపెనీ చేతిలో పెడతారు.

బీఓటీ అంటే కట్టి, నడిపి, గడువు తీరాక అప్పగించడం. అందులో టోల్ కంపెనీయే వసూలు చేసుకుంటే బండ్లు రాకపోయినా నష్టం కంపెనీదే. యాన్యుటీ పద్ధతిలో బండ్లు ఎన్ని వచ్చినా రాకపోయినా ప్రభుత్వం ఏటా ఒప్పుకున్న మొత్తం ఇస్తుంది. హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ మోడల్) అనేది భారత్‌లో జాతీయ రహదారుల కోసం 2016లో వచ్చిన మధ్యేమార్గం, కట్టేటప్పుడే 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతా 60 శాతం కంపెనీ తెచ్చి, తర్వాత వాయిదాల్లో వసూలు చేసుకుంటుంది. టోల్ ప్రభుత్వమే తీసుకుంటుంది. అంటే బండ్లు వస్తాయో రావో అన్న టెన్షన్ కంపెనీకి ఉండదు, పనిని టైముకు పూర్తిచేయాలన్న టెన్షన్ మాత్రం ఉంటుంది.

ఒక విషయం గుర్తుపెట్టుకోండమ్మా, చదువులో కూడా పనికొస్తుంది. బోర్డు మీద పెద్ద కంపెనీ పేరున్నా, ఒప్పందం మీద సంతకం చేసేది ఆ ప్రాజెక్టు కోసమే పెట్టిన చిన్న కంపెనీ. దాన్ని ఎస్పీవీ అంటారు. అందులో వాటాదారుల సొంత డబ్బు తక్కువ, బ్యాంకుల అప్పు ఎక్కువ. ప్రాజెక్టు మునిగితే ఎస్పీవీ మునుగుతుంది, మాతృసంస్థ పెట్టినంత వరకే పోగొట్టుకుంటుంది. కింది జవాబుకు ఇదే ఆధారం.

ప్రశ్న: రిస్కు ప్రైవేటు వాళ్లే భరిస్తారు, అందుకే లాభం కూడా వాళ్లకే అంటారు. కానీ నష్టం వచ్చిన ప్రతిసారీ ప్రభుత్వమే ఆదుకుంటోంది. అలాంటప్పుడు రిస్కు భరించినట్టు ఎలా అవుతుంది?
— రిటైరైన ఒక అకౌంట్స్ అధికారి

జవాబు: మీరు సరిగ్గా ఆయువుపట్టు మీద వేలు పెట్టారు. కాగితం మీద రిస్కు బదిలీ అయినట్టు రాసుకుంటారు గానీ, మెట్రో ఆగిపోతే, నీళ్లు రాకపోతే, ఏ ప్రభుత్వమూ నాకు సంబంధం లేదు అని కూర్చోలేదు. ఆ సంగతి కంపెనీకి తెలుసు, అప్పిచ్చే బ్యాంకుకు ఇంకా బాగా తెలుసు.

లండన్ భూగర్భ రైల్వేలో ఇది పూర్తిగా బయటపడింది. 2003లో పట్టాలు, సిగ్నళ్లు, స్టేషన్ల ఆధునికీకరణను ముప్పై ఏళ్లకు ప్రైవేటు కంపెనీలకు అప్పగించారు. అందులో పెద్ద భాగం తీసుకున్న మెట్రోనెట్ 2007 జులైలో చేతులెత్తేసింది. అప్పుడు చూస్తే దాని అప్పులో 95 శాతానికి ప్రభుత్వ రవాణా సంస్థే హామీగా ఉంది. చివరికి ఆ అప్పు తీర్చడానికి ప్రభుత్వం దాదాపు 170 కోట్ల పౌండ్లు ఇవ్వాల్సి వచ్చింది. హామీ ఉన్న బ్యాంకు కంపెనీ పనిని ఎందుకు నిలదీస్తుంది చెప్పండి? బ్యాంకుల నిఘా ఉంటుంది కాబట్టి ప్రైవేటు పద్ధతిలో క్రమశిక్షణ వస్తుందన్న వాదనే అక్కడ కూలిపోయింది.

ఇంకో రకం ప్రమాదం టెండర్ దగ్గరే మొదలవుతుంది. బండ్ల సంఖ్యను బాగా ఎక్కువగా ఊహించుకున్నవాడే అందరికంటే ఆకర్షణీయమైన బిడ్ వేయగలడు, అంటే అంచనా అందరికంటే ఎక్కువ తప్పినవాడికే పని దక్కే అవకాశం ఎక్కువ. గెలిచాక లెక్క కుదరదు. అప్పటికి పోటీదారులు ఎవరూ మిగలరు, తవ్విన నేల అలాగే ఉంటుంది, ప్రభుత్వం మళ్లీ బేరానికి కూర్చోక తప్పదు. లాటిన్ అమెరికాలో వెయ్యికి పైగా ఇలాంటి ఒప్పందాలను ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త లూయిస్ గ్వాష్ పరిశీలించి 2004లో ప్రచురించారు: రవాణా ఒప్పందాల్లో సగానికి పైగా, నీటి ఒప్పందాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు మళ్లీ బేరానికి వచ్చాయి, అదీ సగటున రెండేళ్లు దాటీ దాటకుండానే. ముప్పై ఏళ్ల ఒప్పందం రెండేళ్లకే మారిపోతోందంటే టెండర్‌లో గెలవడానికి వేసిన అంకె మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో మీకే తెలుసు, జీవితమంతా లెక్కలు చూసినవారు.

మెక్సికోలో 1990ల మొదట్లో ఎవరు తక్కువ కాలానికి అడిగితే వాళ్లకే టోల్ రోడ్లు ఇచ్చారు. వినడానికి బాగుంది, తొందరగా ప్రభుత్వానికి తిరిగి వచ్చేస్తుంది కదా. జరిగింది వేరు. తక్కువ కాలంలో డబ్బంతా రావాలంటే టోల్ విపరీతంగా పెంచాలి, పెంచేసరికి లారీలు పాత రోడ్డు మీదే తిరిగాయి, కొత్త రోడ్లు ఖాళీగా ఉండిపోయాయి. 1994 చివర్లో ఆ దేశపు కరెన్సీ పెసో విలువ పడిపోయి వడ్డీలు ఆకాశాన్నంటాయి. 1997లో ప్రభుత్వం 23 రోడ్లను అప్పులతో సహా వెనక్కి తీసుకుంది.

దీనికి మందు కనిపెట్టిన దేశం చిలీ. 1998లో శాంటియాగో నుంచి వల్పరైసో వైపు వెళ్లే 68వ నంబరు రోడ్డుకు బిడ్‌లు పిలిచినప్పుడు ఎన్నేళ్లు అని అడగలేదు, మొత్తం మీద నీకు ఎంత రాబడి కావాలి అని అడిగారు. తక్కువ అడిగినవాడికి రోడ్డు దక్కింది. ఆ మొత్తం, వడ్డీ లెక్కతో కలిపి, వసూలైన రోజున ఒప్పందం ముగుస్తుంది. బండ్లు ఎక్కువ వస్తే ముందే ముగుస్తుంది, తక్కువ వస్తే గడువు దానంతటదే పొడుగవుతుంది. మళ్లీ బేరాలు ఆడాల్సిన పని ఉండదు. ఇంత సులువైన ఆలోచన ఉండగా చాలా దేశాలు ఇంకా స్థిరమైన గడువుతోనే ఎందుకు సంతకాలు చేస్తున్నాయో నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రశ్న: ఖర్చు వచ్చేసినా టోల్ మాత్రం ఆగదు. ఎన్నేళ్లు కట్టాలండీ? దీనికి లెక్క అనేది ఉంటుందా?
— రోజూ టోల్ కట్టే ఒక ఉద్యోగి

జవాబు: లెక్క ఉంటుంది, ఒప్పందంలో రాసే ఉంటుంది. ఆ లెక్క ఎలా రాశారన్నదే ప్రశ్న. ఢిల్లీ నుంచి నోయిడా వెళ్లే డీఎన్‌డీ ఫ్లైవే దీనికి పాఠంలాంటిది. 1997లో ఒప్పందం, 2001లో రోడ్డు తెరిచారు. ఒప్పందంలో కంపెనీకి ప్రాజెక్టు ఖర్చు మీద ఏటా 20 శాతం రాబడికి హామీ ఇచ్చారు. ఆ 20 శాతంలో ఎంత తగ్గితే అంత మళ్లీ ప్రాజెక్టు ఖర్చులోనే కలుస్తుంది.

ఇది ఎంత ప్రమాదమో చిన్న అంకెలతో చూద్దాం, ఇవి నేను ఊహించి వేసినవే. ఖర్చు 100 అనుకోండి. ఏడాదికి 20 రావాలి, వచ్చింది 12. తగ్గిన 8 కలిసి ఖర్చు 108 అయింది. రెండో ఏడాది రావాల్సింది 21.6, బండ్లు కొంచెం పెరిగి 13 వచ్చింది, 8.6 తగ్గింది, ఖర్చు 116.6. మూడో ఏడాది 14 వచ్చింది, అయినా 9.3 తగ్గింది, ఖర్చు దాదాపు 126. వసూలు ఏటా పెరుగుతూనే ఉంది, తీరాల్సిన బాకీ మాత్రం అంతకంటే వేగంగా పెరుగుతోంది. మీరు ఎన్నేళ్లు కట్టినా ఇది తీరదు. 2016 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు ఆ టోల్ ఆపించింది, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది.

పైన చిలీ గురించి చదివినవాళ్లు అక్కడా వసూలయ్యేదాకా అనే ఉంది కదా అని అడగవచ్చు. అక్కడ మొత్తాన్ని పోటీలో తేల్చారు, వడ్డీ రేటు బజారు రేటుకు దగ్గరగా ముందే రాశారు. ఇక్కడ 20 శాతానికి పోటీ లేదు, ఖర్చు పెరిగితే కంపెనీకి పోయేదేమీ లేదు.

కాబట్టి మీ రోడ్డు ఒప్పందంలో చూడాల్సింది గడువు తేదీ ఒక్కటే కాదండీ, ఆ గడువును పొడిగించే వీలు ఏ క్లాజులో ఉంది, ఏ కారణాలకు ఉంది అన్నది కూడా చూడండి.

ప్రశ్న: ఒప్పందంలో జనానికి తెలియకుండా పెట్టే షరతులు ఏముంటాయి? రహస్యం అని చెప్పి కాపీ ఇవ్వడం లేదు.
— సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టిన ఒక పాఠకుడు

జవాబు: వదలకండి, అప్పీలుకు వెళ్లండి. ప్రజలు ముప్పై ఏళ్లు డబ్బు కట్టే ఒప్పందాన్ని ప్రజలకు చూపించకపోవడం నాకు ఏ విధంగానూ సమర్థించదగినదిగా కనపడదు. కంపెనీ నిజమైన వ్యాపార రహస్యాలు ఏవైనా ఉంటే ఆ నాలుగు లైన్లు కొట్టేసి మిగతాది ఇవ్వొచ్చు.

అందులో ఏముంటాయో రెండు ఉదాహరణలు చెబుతాను. కాలిఫోర్నియాలో 91వ నంబరు రహదారి మధ్యలో ప్రైవేటు కంపెనీ టోల్ లేన్లు కట్టి 1995లో తెరిచింది. పక్కనున్న ఉచిత లేన్లు జామ్ అవుతుంటేనే కదా జనం టోల్ కట్టేది, అందుకని ఆ చుట్టుపక్కల ఉచిత రోడ్డును ప్రభుత్వం వెడల్పు చేయకూడదని ఒప్పందంలో రాయించుకున్నారు. తర్వాత ప్రమాదాలు తగ్గించడానికి రోడ్డు వెడల్పు చేద్దామని రాష్ట్రం అనుకుంటే కంపెనీ కోర్టుకెళ్లింది. చివరికి 2003లో ఆరెంజ్ కౌంటీ రవాణా సంస్థ 20.75 కోట్ల డాలర్లు పోసి ఆ లేన్లనే కొనేసుకుంది, ఆ క్లాజు నుంచి బయటపడటానికి.

రెండోది షికాగో. 2008 డిసెంబరులో ఆ నగరం తన 36,000 పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకు, 115 కోట్ల డాలర్లకు ఇచ్చేసింది. ప్రకటించిన కొద్ది రోజుల్లోనే కౌన్సిల్ ఆమోదించేసింది, అన్ని పేజీలు చదివే టైమ్ కూడా సభ్యులకు లేదు. ఆరు నెలలకు నగర ఇన్‌స్పెక్టర్ జనరల్, అంటే నగర పాలన మీద నిఘా పెట్టే అధికారి, నివేదిక వచ్చింది, మీటర్ల అసలు విలువకంటే దాదాపు 97 కోట్ల డాలర్లు తక్కువకు ఇచ్చారని. అంతకంటే నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. వీధిలో పండగో, మరమ్మతో జరిగి మీటర్లు పనిచేయకపోతే ఆ నష్టాన్ని నగరమే కంపెనీకి కట్టాలి. పార్కింగ్ తీసేసి సైకిళ్లకు దారి వేద్దామన్నా డబ్బు కట్టాలి. అంటే తన వీధుల్ని తాను మార్చుకునే హక్కును ఒక నగరం 75 ఏళ్లకు తాకట్టు పెట్టింది, ఇంకా పుట్టని వాళ్ల తరఫున కూడా. అలా వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలోనే బడ్జెట్ లోటుకు ఖర్చయిపోయింది.

ప్రశ్న: ఆస్పత్రులు కూడా ఇలా ఇస్తున్నారు. టోల్ ఉండదు కదా, కంపెనీకి డబ్బు ఎలా వస్తుంది? పనిచేసే మా సంగతి ఏమిటి?
— ఒక స్టాఫ్ నర్సు

జవాబు: ఆస్పత్రులకు ఎక్కువగా వాడేది సౌకర్యం అందుబాటులో ఉంటే చెల్లించే పద్ధతి. భవనం, ఆపరేషన్ థియేటర్, కరెంటు, లిఫ్టు అన్నీ ఒప్పుకున్న స్థాయిలో ఉంటే ప్రభుత్వం నెలనెలా పూర్తి మొత్తం ఇస్తుంది. ఏసీ పాడై థియేటర్ మూతపడితే, ఇన్ని గంటల్లో బాగుచేయాలి, లేకపోతే ఇంత కోత అని ఒప్పందంలో ఉంటుంది. పద్ధతి మంచిదే. కానీ ఆ కోత పడాలంటే పాడైందని ఎవరో రాసిపెట్టాలి, ఆ రాయడం మీద మీలాంటి వాళ్లకు హక్కు ఉండాలి. కంపెనీ తన పనితీరును తానే నమోదు చేసుకునే ఏర్పాటు ఉంటే కోతలు కాగితం మీదే ఉండిపోతాయి.

అసలు చిక్కు బడ్జెట్ తగ్గిన ఏడాది వస్తుంది. కంపెనీకి కట్టాల్సింది ఒప్పందం ప్రకారం కట్టాల్సిందే, ధరల సూచీతో పాటు అది పెరుగుతుంది కూడా. తగ్గించడానికి మిగిలేది మందులు, సిబ్బంది. బ్రిటన్ ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి వినిపించిన గోడు ఇదే. అక్కడ ఇంకో దెబ్బ కూడా తగిలింది: రెండు పెద్ద ఆస్పత్రులు కడుతున్న కారిలియన్ కంపెనీ 2018 జనవరిలో దివాలా తీసింది. లివర్‌పూల్ ఆస్పత్రి 2017లో తెరవాల్సింది 2022కు గానీ తెరుచుకోలేదు, బర్మింగ్‌హామ్ దగ్గరి రెండోది 2024కు. రెండింటినీ చివరికి ప్రభుత్వ డబ్బుతోనే పూర్తిచేశారు.

వైద్యసేవలు, సిబ్బందితో సహా మొత్తం ఇచ్చేసిన దేశం లెసోతో. 18 ఏళ్ల ఒప్పందం మీద కట్టిన పెద్దాసుపత్రి 2011లో తెరుచుకుంది. వైద్యం మెరుగైందన్నవాళ్లూ ఉన్నారు, చిన్న దేశపు ఆరోగ్య బడ్జెట్‌ను ఒక్క ఆస్పత్రే మింగేస్తోందన్నవాళ్లూ ఉన్నారు, ఆ వాదన ఏళ్ల తరబడి నడిచింది. ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతాలివ్వాలని సమ్మె చేసిన నర్సులను పెద్ద సంఖ్యలో తీసేశాక, 2021లో ప్రభుత్వం ఒప్పందాన్నే రద్దుచేసుకుంది. మీ ప్రశ్నకు నా జవాబు అందులోనే ఉందమ్మా: జీతాలు, పోస్టులు, బదిలీ నిబంధనలు ఒప్పందంలో రాయకపోతే తర్వాత అడగడానికి ఆధారం ఉండదు. సంతకానికి ముందే మీ సంఘం గట్టిగా అడగాలి.

ప్రశ్న: మీ పాత వ్యాసం కూడా చదివాను. అన్నీ చెడ్డ ఉదాహరణలే చెబుతున్నారు. ప్రభుత్వమే అన్నీ బాగా చేస్తుందా? పీపీపీలో మంచి జరిగిన చోటు ఒక్కటీ లేదా?
— ఒక చిన్న కాంట్రాక్టరు

జవాబు: ఉందండీ. ప్రభుత్వమే అన్నీ బాగా చేస్తుందని నేను అనడం లేదు, ఎండిపోయిన ప్రభుత్వ కుళాయిల ముందు జనం ఎంత అవస్థ పడతారో అందరికీ తెలుసు. మనీలా కథ చెబుతాను, మంచీ చెడూ ఒకే నగరంలో కనపడతాయి.

1997లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం మనీలా నీటి సరఫరాను రెండు ముక్కలు చేసి, తూర్పు భాగం మనీలా వాటర్‌కు, పడమర భాగం మేనిలాడ్‌కు ఇచ్చింది. ఒకే ఏడాది, ఒకే చట్టం, ఒకే రకం ఒప్పందం. తూర్పున అప్పటికి లీకులకు, దొంగ కనెక్షన్లకు పోతున్న నీళ్లు 63 శాతం. కంపెనీ వీధివీధినా పైపులు మార్చి, మీటర్లు పెట్టి, చిన్న చిన్న ప్రాంతాలకు ఒక్కో బృందాన్ని బాధ్యులుగా వేసి, ఆ నష్టాన్ని కాలక్రమంలో 11 శాతం దాకా దించింది. పేదల వాడల్లోకి కూడా కుళాయిలు వెళ్లాయి. ఇది చిన్న విషయం కాదు, చేసినవాళ్లకు దండం పెట్టాలి.

పడమర కంపెనీ మాత్రం కూలిపోయింది. పాత ప్రభుత్వ సంస్థ డాలర్ అప్పుల్లో దాదాపు 90 శాతం పడమర వాటాకే వేశారు. ఒప్పందం మొదలవుతూనే ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చి ఫిలిప్పీన్స్ పెసో సగానికి దగ్గరగా పడిపోయింది. వసూళ్లేమో పెసోల్లో, బాకీలేమో డాలర్లలో. కరెన్సీ రిస్కును ఒక నీళ్ల కంపెనీ మోయగలదని అనుకోవడమే తప్పు. చివరికి కొత్త యజమానులు వచ్చి 2007 నుంచి దాన్ని నిలబెట్టారు.

తూర్పు కథ కూడా పూర్తిగా తియ్యగా లేదు. అప్పటి ధరలో నాలుగో వంతుకే నీళ్లిస్తామని బిడ్ వేసిన కంపెనీ తర్వాత రేట్లు బాగానే పెంచింది, 2019 మార్చిలో అదే తూర్పు మనీలాలో జనం బకెట్లు పట్టుకుని గంటల తరబడి నిలబడ్డారు, నియంత్రణ సంస్థ భారీ జరిమానా వేసింది. అయినా ఇరవై ఏళ్ల మొత్తం లెక్క తీస్తే అది మంచి ఉదాహరణే అంటాను. ఎందుకు పనిచేసిందంటే, లీకు తగ్గిస్తే లాభం వచ్చే పని అది. నీటిని ఎంత ఆదా చేస్తే అంత అమ్ముకోవచ్చు, జనానికీ అదే కావాలి. కంపెనీ చేతిలో ఉన్న రిస్కు కంపెనీకి, ఎవరి చేతిలోనూ లేని రిస్కు ప్రభుత్వానికి పంచుకున్న చోట ఈ పద్ధతి బాగా నడుస్తుంది. మీరు కాంట్రాక్టరు కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు, భూమి చేతికి రాకుండానే పని మొదలుపెట్టమంటే ఎలా ఉంటుందో. భూసేకరణ, అనుమతులు ప్రభుత్వం చేయాల్సినవి, అవి కంపెనీ నెత్తిన రుద్దితే మంచి కంపెనీలు టెండరే వేయవు.

ప్రశ్న: మా కౌన్సిల్ ముందుకు వచ్చే నెల ఒక పీపీపీ ఒప్పందం ఆమోదానికి వస్తోంది. మేం ఇంజనీర్లం కాదు, లాయర్లం కాదు. ఏం అడగాలో చెప్పండి.
— ఒక కౌన్సిల్ సభ్యురాలు

జవాబు: ముందుగా టైమ్ అడగండి మేడం. షికాగో సభ్యులకు దొరకనిది అదే. రెండు వారాలైనా లేకుండా ఓటు వేయవద్దు.

తర్వాత అడగాల్సింది, ఇదే పని ప్రభుత్వం అప్పు తెచ్చి మామూలు పద్ధతిలో చేస్తే మొత్తం ఎంత అవుతుంది అన్న పోలిక. ఆ పోలిక చేయకుండా ఫైలు వచ్చిందంటే వెనక్కి పంపండి. చేసి ఉంటే, అందులో రిస్కు బదిలీ విలువ అని ఒక పెద్ద అంకె ఉంటుంది, పీపీపీయే చవక అని తేలడానికి చాలాసార్లు ఆ ఒక్క అంకే కారణం. అది ఎలా వచ్చిందో లైను లైనుకూ చెప్పమనండి.

వాడకం అంచనాకంటే మూడో వంతు తగ్గితే ఎవరు ఎంత కట్టాలి అని అడగండి. కనీస ఆదాయానికి హామీ ఉంటే అది అప్పుతో సమానం, బడ్జెట్ పత్రాల్లో చూపించమనండి. ప్రభుత్వాలు ఇలాంటి హామీల భారాన్ని అంచనా వేసుకోవడానికి ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి పీఫ్రామ్ అనే లెక్కల పరికరాన్ని 2016లో తెచ్చాయి, మీ ఆర్థిక విభాగం దాన్ని వాడిందా అని అడగడంలో తప్పులేదు.

అప్పు మార్పిడి లాభం గురించి అడగడం చాలామంది మర్చిపోతారు. భవనం కట్టడం అయిపోయాక రిస్కు తగ్గుతుంది, కంపెనీ పాత అప్పు తీర్చేసి తక్కువ వడ్డీకి కొత్త అప్పు తెచ్చుకుంటుంది. ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ అండ్ నారిచ్ ఆస్పత్రిలో 2003లో ఇలా చేసినప్పుడు దాదాపు 11.5 కోట్ల పౌండ్ల లాభం తేలింది, అందులో ఆస్పత్రికి దక్కింది 3.4 కోట్లు, పెట్టుబడిదారుల రాబడి రేటు 19 శాతం నుంచి 60 శాతానికి ఎగబాకింది. మీ ఒప్పందంలో అలాంటి లాభంలో కనీసం సగం ప్రభుత్వానికి రావాలని ముందే రాయించండి.

రద్దు క్లాజు చదవండి. తప్పు కంపెనీదైనా మధ్యలో రద్దుచేస్తే ఎంత కట్టాలో అందులో ఉంటుంది. పనిని రెండు పక్షాలు పంచుకున్న చోట గీత ఎక్కడ గీశారో కూడా చూడండి. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రోలో వంతెన కట్టింది ప్రభుత్వ సంస్థ, రైళ్లు నడిపింది ప్రైవేటు కంపెనీ. 2011లో లైను తెరిచారు, 2012లో వంతెన బేరింగుల్లో లోపాలు బయటపడి రైళ్లు ఆగాయి, తప్పు ఎవరిది, సరిచేసినట్టా కాదా అన్న తగాదాతో కంపెనీ ఒప్పందం రద్దుచేసుకుంది. 2017లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయటి మధ్యవర్తుల) తీర్పు కంపెనీకి అనుకూలంగా వచ్చింది, 2021లో దాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది, 2024లో అదే కోర్టు క్యూరేటివ్ పిటిషన్ (తుది తీర్పును మళ్లీ చూడమని వేసే ఆఖరి అర్జీ) మీద ఆ ఆర్బిట్రేషన్ తీర్పును కొట్టేసింది. వేల కోట్ల రూపాయలు ఎటు పోతాయో తెలియక పన్నెండేళ్లు గడిచాయి. లోపం సరిచేశారా లేదా అని తేల్చే స్వతంత్ర ఇంజనీరును ముందే నియమించి, ఆయన మాటకు ఎంత విలువో రాసి ఉంచితే ఇలాంటివి కొంతవరకైనా తగ్గుతాయి.

ఆఖర్న అప్పగింత. గడువు చివరి నాలుగైదేళ్లలో కంపెనీకి మరమ్మతుల మీద ఆసక్తి తగ్గడం సహజం, ఎలాగూ వదిలేసి పోయేదే కదా. అందుకని గడువుకు కనీసం ఐదేళ్ల ముందు ఉమ్మడి తనిఖీ జరగాలని, ఆ తనిఖీలో తేలిన మరమ్మతుల విలువ మేరకు చెల్లింపుల్లోంచి డబ్బు పక్కన పెట్టాలని, ఆస్తి ఇంకా ఇన్నేళ్లు నిలిచే స్థితిలో చేతికి రావాలని క్లాజు ఉండాలి. లేకపోతే ఇప్పుడే, సంతకాలకు ముందే చేర్పించండి. ఆ తర్వాత మీరు ఏ మార్పు అడిగినా అవతలివాళ్లు దానికి ధర అడుగుతారు.